మన గడప ముందరి అడవి

(సొసైటీ వార్షిక సమావేశం సందర్భంగా ఒంటిమిట్టలో చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడూ ఈ సభలో పదో తరగతి ఫలితాలు చదివే పని మాది. ఈసారి ఆ లెక్కలు కార్యదర్శి గారే చదివేశారు. మాకు వేరే పని అప్పగించారు. ఫిబ్రవరిలో మన ట్యూషన్ సెంటరు పిల్లలను అడవికి తీసుకుపోయినాము కదా, దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పమన్నారు అనడం కంటే సంజాయిషీ ఇవ్వమన్నారు అంటే సరిగ్గా ఉంటుంది. ఎందుకంటే ఆ వారమే మసీదు బయట ఒక పెద్దమనిషి మమ్మల్ని నిలబెట్టి అడిగినాడు. "సార్, మేము ఇచ్చే దుడ్లు ఫీజులకూ పుస్తకాలకూ గదా. అడివి సూసేదానికి దుడ్లెందుకు? కొండ ఇంటి మిద్దె మీద నుంచే అగపడతాది గదా" అని.

ఆయన అడిగింది న్యాయమైన మాట. ఇచ్చే చేతికి అడిగే హక్కు ఉంది. ఈ ప్రసంగం ఆయనకు మా జవాబు అనుకోండి.

మొదట డబ్బు సంగతి చెప్పేస్తాము. జకాత్ సొమ్ములో ఒక్క రూపాయి కూడా దీనికి వాడలేదు. జకాత్ ఎవరికి చెందాలో మనకు నిర్ణయించి ఉంది, అందులో అడవి నడక లేదు. సాధారణ విరాళాల నుంచి బస్సు బాడుగ, భోజనం, మందుల పెట్టె, అంతే. లెక్క ఈ సంచిక చివర జమాఖర్చుల్లో ఉంది, చూసుకోవచ్చు.

ఇక ఎందుకు పోయినామో చెప్పాలి. దానికి రెండు కారణాలున్నాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

చిన్నది ఇది. మన ఊరి నుంచి పోయి చలి దేశంలో స్థిరపడిన ఒక కుటుంబం వాట్సాప్‌లో ఫోటోలు పంపింది. మోకాలి లోతు మంచు. పిల్లలు కాళ్లకు తెడ్ల మాదిరి వెడల్పాటి చెప్పులు కట్టుకొని, మంచులో కూరుకుపోకుండా వరుసగా నడుస్తున్నారు. ముందు ఒక గైడు. చెట్లకు ఒక్క ఆకు లేదు. ఆకు లేని కాలంలో బెరడు చూసి చెట్టును గుర్తుపట్టడం, మంచు మీద అడుగులు చూసి జంతువును గుర్తుపట్టడం ఆ పిల్లలకు నేర్పిస్తారట. ఆ ఫోటోలు మన ట్యూషన్ పిల్లలకు చూపించాము. తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది: "సార్, వాళ్లు అంత చలిలో అడవికి పోతారు. మనము ఎందుకు పోము?" మా దగ్గర జవాబు లేదు. ఒంటిమిట్టలో పుట్టి, పాలకొండలను రోజూ చూస్తూ, ఒక్కసారి కూడా ఆ అడవిలో అడుగు పెట్టని పిల్లలు ఎంతమంది అని అడిగితే దాదాపు అన్ని చేతులూ లేచినాయి.

పెద్ద కారణం చెప్పడం కష్టం. అయినా చెప్పాలి.

మా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడు ఉన్నాడు. పేరు చెప్పము. తండ్రి లేడు, తల్లి బీడీలు చుట్టి పెంచింది. పది పాసయి మెకానిక్ షెడ్డులో చేరాడు. ఒక రాత్రి బండి తోలితే నెల జీతమంత ఇస్తామని ఎవరో చెప్పారు. బండిలో ఏముందో అతనికి తెలుసు, తెలియదని మేము అనము. ఎర్రచందనం దుంగలతో పట్టుబడ్డాడు. ఇంత చిన్న వయసులో మెడకు కేసు తగులుకుంది. దుంగ కొన్నవాడు ఎవరో, అమ్మినవాడు ఎవరో అతనికే తెలియదు. తల్లి మన సొసైటీ గుమ్మం ముందు కూర్చొని ఏడ్చింది. వకీలు ఫీజు ఇవ్వాలా వద్దా అని కమిటీలో పెద్ద వాదన జరిగింది. చివరకు ఇంటికి నెలనెలా బియ్యం, పప్పు ఇవ్వాలని తీర్మానం చేశారు. ఆ తీర్మానం సరైనదే.

ఆ రాత్రి మేము టీచర్లం మాట్లాడుకున్నాము. కిరణజన్య సంయోగక్రియ మీద అతను మంచి మార్కులు తెచ్చుకున్నాడు. అడవుల సంరక్షణ మీద వ్యాసం రాసి బహుమతి కూడా తీసుకున్నాడు. కానీ ఎర్రచందనం చెట్టు అతను మొదటిసారి చూసింది దుంగగానే. నిలబడి ఉన్న చెట్టును మేము ఎప్పుడూ చూపించలేదు. ఆ తప్పు మాది. బి.ఇడి.లో మాకు చెప్పిన మొదటి పాఠం, తెలిసినదాని నుంచి తెలియనిదానికి పోవాలని. ఇంటి ముందరి కొండను వదిలి పుస్తకంలోని అమెజాన్ అడవి గురించి చెప్పినాము.

ఈ చెట్టు విలువ ఏమిటో దాతలకు కూడా కొంచెం చెప్పాలి. ఎర్రచందనం సహజంగా పెరిగేది లోకం మొత్తం మీద తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అంటే మన కడప, చిత్తూరు, నెల్లూరు వైపు కొండలు, వాటి చుట్టుపక్కల కొంత మేర. శేషాచలం కొండల్లో సుమారు 4,756 చదరపు కిలోమీటర్లను 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. అందులో ఈ చెట్టు ముఖ్యమైనది. రాతి నేలలో, తక్కువ వానలో, చాలా నిదానంగా పెరుగుతుంది. లోపలి ఎర్ర చేవ పట్టడానికే ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఆ చేవ ఎంత బరువంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది. జపానులో సంగీత వాద్యాలకు, చైనాలో ఖరీదైన సామానుకు అడుగుతారు. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. అయినా దొంగతనం ఆగలేదు. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారులను స్మగ్లింగు ముఠా చంపింది. 2015 ఏప్రిల్ 7న అదే అడవుల్లో జరిగిన కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన ఇరవై మంది చనిపోయారు. రెండు వైపులా పోయింది పేదల ఇళ్ల, జీతగాళ్ల ఇళ్ల బిడ్డలే. లాభం తిన్నవాళ్లు ఆ కొండ ఎక్కలేదు.

అందుకని అటవీ శాఖ వారిని అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకొని, ఫిబ్రవరి మొదటి ఆదివారం బయలుదేరినాము. ఇరవై ఆరు మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు, ఇద్దరు తల్లులు. పిల్లల్లో తొమ్మిది మంది ఆడపిల్లలు. వాళ్ల ఇళ్లకు ఒక్కో ఇంటికి రెండు మూడు సార్లు పోయి ఒప్పించాల్సి వచ్చింది. అందుకే తల్లులను వెంట తీసుకుపోయినాము. ట్యూషనుకు వచ్చే ఇతర మతాల పిల్లలు నలుగురు కూడా వచ్చారు. కొండకు మతం లేదు, ట్యూషనుకు అసలే లేదు.

మాకు దారి చూపించింది ఒక బీటు ఆఫీసరు, బేస్ క్యాంపులో పనిచేసే ఒక పెద్ద వయసు ప్రొటెక్షన్ వాచరు. ఆ పెద్దాయన బడి మొహం చూడలేదు. కానీ ఆ రోజు గురువు ఆయనే, మేము కూడా విద్యార్థులమే.

ఆకు రాలే కాలం. ఎర్రచందనం చెట్లు చాలావరకు బోడిగా ఉన్నాయి. ఆకులు లేవు, ఎట్లా గుర్తుపడతారు అని పెద్దాయన పిల్లలను అడిగాడు. తర్వాత బెరడు మీద చెయ్యి పెట్టించాడు. నల్లగా, మొసలి వీపు మాదిరి పలకలు పలకలుగా పగిలి ఉంది. కింద రాలిన కాయ ఒకటి చేతికిచ్చాడు. మధ్యలో బుడిపె, చుట్టూ పలచని రెక్క. గాలికి ఎగిరి పోయి వేరేచోట మొలవడానికి ఆ రెక్క. పిల్లలు దాన్ని పైకి ఎగరేసి చూశారు.

వాగులో నీళ్లు లేవు, ఇసుక ఉంది. ఆ ఇసుకే మన మంచు. పొద్దున్నే నడిచిన నెమలి గుర్తులు, దుప్పి గిట్టలు, నేల తవ్విన అడవి పంది జాడ, అన్నీ చదివి చెప్పాడు. ఎలుగుబంటి అడుగు దగ్గర మాత్రం పిల్లలు మా చేతులు పట్టుకున్నారు. అది పాతది, భయం లేదన్నాడు.

ఒక చోట ఒక అమ్మాయి ఆగిపోయింది. తుమికి చెట్టు. "ఇది మా అమ్మీ ఆకు" అన్నది. పుట్టినప్పటి నుంచి కట్టలు కట్టలుగా ఎండిన ఆకు చూసిన బిడ్డ, చెట్టుకున్న ఆకును చూడటం అదే మొదలు. ఇంకొంచెం ముందుకు పోతే సుగంధిపాల తీగ. వాచరు మట్టిని వేలితో కొంచెం పక్కకు తీసి వేరు వాసన చూడమన్నాడు. పిల్లలందరూ ఒకేసారి "నన్నారి షర్బత్!" అని అరిచినారు. రంజాన్ ఇఫ్తారుకు మనం తాగే షర్బత్ వాసన ఆ మట్టిలో ఉంది. తర్వాత ఆయన వేరును పీకలేదు, మట్టి మళ్లీ కప్పేశాడు. రిజర్వు అడవిలో నుంచి ఏదీ తీసుకుపోకూడదని బీటు ఆఫీసరు చెప్పారు. ఎర్రచందనం కేసుల్లో శిక్షలను 2016లో ఎంత కఠినం చేశారో కూడా భయపెట్టకుండా, దాచకుండా చెప్పారు. ఇంటరు చదివినవాళ్లు బీటు ఆఫీసరు పోస్టుకు పరీక్ష రాయవచ్చని కూడా చెప్పారు. ఆ మాట విని ఇద్దరు ముగ్గురు నోటుపుస్తకం తీశారు.

దారిలో ఆకులు ఊడ్చి, కాల్చి పెట్టిన వెడల్పాటి గీత ఒకటి కనిపించింది. అది అగ్గి ముందుకు పోకుండా వేసిన గీత. ఎండాకాలంలో ఒక బీడీ ముక్క చాలునట, కొండ అంటుకోవడానికి. బీడీలు చుట్టే ఇళ్ల పిల్లలు ఆ మాట బాగా విన్నారు.

ఒక చిన్న ప్రయోగం చేయించాము. రెండు లీటరు బాటిళ్ల నీళ్లు. ఒకటి నడిచి నడిచి గట్టిపడిన బాట మీద పోయించాము. నీళ్లు మట్టిని కడుక్కొని పల్లానికి జారిపోయినాయి. రెండోది చెట్టు కింద ఆకుల పొర మీద పోయించాము. చూస్తుండగానే ఇంకిపోయింది. మన బోరు ఎందుకు ఎండుతుందో చెప్పడానికి మేము ఇన్నేళ్లూ బోర్డు మీద ఎన్నో బొమ్మలు గీసినాము. ఆ రెండు బాటిళ్లు చెప్పినంత అవి చెప్పలేదు. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడిన సంగతి మనకందరికీ తెలుసు. అంతటి వానను, అంతటి నీళ్లను అడవి ఒక్కటే ఆపేదని మేము అనము. కానీ మామూలు ఏడాదిలో పడే కొంచెం వానను మన బావుల్లోకి దింపేది ఆ ఆకుల పొరే.

అయితే ఆ ప్రయోగంలో మా తెలివితక్కువతనం ఒకటి ఉంది. తలకు ఒక లీటరు చొప్పున లెక్క వేసుకొని నీళ్లు తెచ్చుకున్నాము. ఎండ ముదిరేసరికి అది చాలలేదు. పైగా రెండు లీటర్లు నేల మీద పోసినాము. ఒక పిల్లకు కళ్లు తిరిగినాయి. వాచరు మమ్మల్ని గట్టిగానే మందలించాడు: "పిల్లోళ్లను తోలుకొచ్చేటోళ్లు నీళ్లు ఇట్లనా తెచ్చేది, సారూ?" తలవంచుకొని విన్నాము. ఆయన క్యాంపు క్యానులోని నీళ్లు పిల్లలకు పోశాడు. ఆ పాప తేరుకున్నది, అల్హమ్దులిల్లాహ్. జుహర్ వేళకు తాగే నీళ్లే కటకట కాబట్టి వుజూకు బదులు తయమ్ముమ్ చేసుకొని నమాజు చదివినాము. మాకు పుస్తకంలో తెలిసిన సౌలభ్యం, ఆ పిల్లలకు ఆ రోజు అనుభవంలో తెలిసింది. నీళ్లు ఎంత విలువైనవో కూడా తెలిసింది.

భోజనాల దగ్గర రెండు విషయాలు చెప్పినాము. మొదటిది కలివికోడి. ఈ పిట్టను 1848లో శాస్త్రవేత్తలు నమోదు చేశారు. 1900 తర్వాత దాదాపు ఎనభై ఆరేళ్లు ఎవరికీ కనిపించలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. అది రాత్రిపూట తిరిగే పిట్ట. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలకు దాన్ని పట్టి చూపించింది ఐతన్న అనే ఊరి వేటగాడు. లంకమల అడవిని ఆ పిట్ట పేరుతోనే లోకం గుర్తుపెట్టుకుంది. తెలుగుగంగ కాలువ దారిని కూడా దాని కోసం మార్చారు.

రెండోది సలీం అలీ గారి సంగతి. 1896లో పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ పెంచారు. ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొడితే దాని మెడ మీద పసుపు మచ్చ కనిపించింది. ఇదేమి పిట్ట అని మేనమామను అడిగాడు. ఆయన విసుక్కోలేదు, తెలిసినవాళ్ల దగ్గరకు, అదే బాంబే సొసైటీకి పంపించారు. ఆ అనాథ పిల్లవాడే తర్వాత మన దేశంలో పక్షుల శాస్త్రానికి పెద్ద దిక్కయ్యారు. మన సొసైటీ చదివిస్తున్న పిల్లల్లో తండ్రి లేనివాళ్లు ఎంతమందో దాతలకు తెలుసు. వాళ్లకు ఫీజు కట్టే మేనమామ మీరే. ప్రశ్న అడిగితే చోటు చూపించే మేనమామ కూడా మీరే కావాలి.

ఇక తిరుగు దారిలో జరిగింది చెప్పి ముగిస్తాము. పొదల చాటున ఒక మొద్దు కనిపించింది. ఎప్పుడో రంపంతో కోసుకుపోయిన ఎర్రచందనం. లోపల చేవ ఇంకా ఎర్రగానే ఉంది. పిల్లలు చుట్టూ నిలబడ్డారు. ఇందాక చెప్పిన పిల్లవాడి తమ్ముడు కూడా ఆ గుంపులో ఉన్నాడు. అతనిని తీసుకురావాలా వద్దా అని మేము చాలా ఆలోచించి తెచ్చాము. ఆ మొద్దు ముందు అతను చాలాసేపు నిలబడ్డాడు. మేము ఏమీ మాట్లాడలేదు. కొంతసేపటికి వాచరును అడిగాడు: "తాతా, ఇది మళ్లీ పెరుగుతాదా?"

పెద్దాయన కూర్చొని మొద్దు పక్కన గడ్డి తొలగించాడు. అక్కడ రెండు పిలకలు. "సస్తాదనుకున్న్యావా? పిలక ఏసింది సూడు. పసురం తినకుండా, అగ్గి తగలకుండా కాసుకుంటే పెరుగుతాది. నేను సూడను. నువ్వు సూస్తావు, నీ బిడ్డలు సూస్తారు" అన్నాడు. ఆ అబ్బాయి నాలుగు రాళ్లు ఏరి ఆ పిలకల చుట్టూ పేర్చి వచ్చాడు. బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. మరుసటి ఆదివారం ట్యూషనుకు అందరికంటే ముందు వచ్చాడు. ఇంతకంటే పెద్ద ఫలితం ఏదీ మేము చూపించలేము. ఒక్క రోజు నడకతో బతుకు మారిపోతుందని చెప్పి మిమ్మల్ని మోసం చేయము. కానీ రేపు ఎవడైనా రాత్రిపూట వచ్చి బండి తోలమంటే, ఆ పిల్లవాడికి దుంగతో పాటు ఆ పిలకలు కూడా గుర్తొస్తాయి.

పెద్దలారా, ఎవరైనా చెట్టు నాటితే, దాని నుంచి మనిషి గానీ పక్షి గానీ పశువు గానీ తిన్నదంతా అతనికి సదఖాగా రాయబడుతుందని మన ప్రవక్త (స) చెప్పారు. మదీనా చుట్టూ కొంత నేలను చెట్టు నరకకూడని, వేటాడకూడని చోటుగా ప్రకటించారు. మన ఊరికి కూడా ఒక పాత ఉదాహరణ ఉంది. కోదండరాముని గుడి దగ్గర ఇమాం బేగ్ బావి ఉంది కదా. కడప నవాబు అబ్దుల్ నబీ ఖాన్ కొలువులోని ఇమాం బేగ్, గుడికి వచ్చేవాళ్ల నీటి కష్టం చూసి తవ్వించాడని మన పెద్దలు చెబుతారు. ఇన్ని తరాల తర్వాత కూడా ఆయన పేరు నీళ్లతో పాటు పలుకుతున్నారు. బావి తవ్వించడం ఆయన వంతు. ఆ బావిలోకి ఊట దింపే కొండను కాపాడే పిల్లలను తయారుచేయడం మన వంతు.

మిమ్మల్ని మూడు అడుగుతున్నాము. ఒకటి, ఈ అడవి నడకను ఏటా జరిపించండి, వచ్చేసారి నీళ్లు రెట్టింపు తెస్తామని మాట ఇస్తున్నాము. రెండు, ఈద్గా దగ్గర, ఖబరస్తాన్ గోడ వెంబడి వేప, కానుగ మొక్కలు పెట్టడానికి, మూడేళ్లు నీళ్లు పోయడానికి ఎవరైనా బాధ్యత తీసుకోండి. మూడు, ఇంటరు చదివే మన పిల్లల్లో అటవీ శాఖ పరీక్ష రాస్తామన్న వాళ్లకు కోచింగు ఖర్చు భరించండి. ఆ కొండలోకి మన పిల్లలు రాత్రి దొంగతనంగా కాకుండా పగలు యూనిఫారం వేసుకొని పోవాలి.

మసీదు బయట మమ్మల్ని అడిగిన పెద్దమనిషి ఈ సభలోనే ఉన్నారు. వచ్చే ఫిబ్రవరిలో ఆయన కూడా మాతో రావాలని అందరి ముందు పిలుస్తున్నాము. మిద్దె మీద నుంచి కొండ కనిపిస్తుంది, నిజమే. నన్నారి వాసన మాత్రం అక్కడిదాకా రాదు.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, మన పిల్లలను కాపాడుగాక.